టాల్‌స్టాయి క్షేత్రవృత్తాంతము: కర్తృవిచారము

పదుగురు కలిసి యొకచోట నివసించి, కలిసి పని చేసి, కలిసి భుజించిన కథను జెప్పుట సులభమని తోఁచును. కాని యట్టి కథయందుఁ గ్రియాపదములకు సరియైన కర్తలను నిలుపుట మిక్కిలి కష్టము. ‘వంట చేయఁబడెను’, ‘నీరు తేఁబడెను’, ‘పాకీపని జరిగెను’ అని వ్రాసినవాఁడు అసత్యమాడినవాఁడు కాఁడు. అయినను వండినది యెవరు, మోసినది యెవరు, ఎత్తినది యెవరు అను ప్రశ్నకు ఆ వాక్యములలో నుత్తరము దొరకదు. సహజీవనమును వర్ణించు గ్రంథముల గుణదోషములను నిర్ణయించుటకు నీ ప్రశ్నయే ముఖ్యసాధనమని నా యభిప్రాయము. ఇట్టి గ్రంథములలో మనవారికి మిక్కిలి పరిచితమైన గాంధీమహాత్ముని దక్షిణాఫ్రికా సత్యాగ్రహచరిత్రమునందలి టాల్‌స్టాయి క్షేత్రప్రకరణములను, వానికిఁ దోడుగా నాయన ఆత్మకథ నాలవభాగమునందలి విద్యాబోధనప్రకరణములను గైకొని, వైయాకరణదృష్టితోఁ బరిశీలింపఁ బూనితిని. రాజకీయవిచారము నా పని గాదు.

గ్రంథమును గుఱించి కొంచెము చెప్పవలయును. చరిత్రము గుజరాతీభాషయందు 1923 నవంబరులో యెరవాడ చెఱసాలలో నారంభమై, గ్రంథకర్త విడుదలయైన పిమ్మటఁ బూర్తియైనది. వాల్జీ గోవిందజీ దేశాయిగారి ఆంగ్లానువాదము 1928లో మద్రాసున వెలువడినది. మనలోఁ బెక్కండ్రు చదివినది యీ యనువాదమే. ట్రాన్సువాలు ప్రభుత్వపు శాసనము నెదిరించి చెఱసాలలకుఁ బోయినవారి కుటుంబములకు నెలనెలకు ధనసాహాయ్యము చేయుట దుర్భరమైనప్పుడు, వారినందఱ నొక్కచోటఁ జేర్చి మితవ్యయముతో జీవింపఁజేయు నుపాయము వెదకవలసివచ్చెను. జర్మనుజాతీయుఁడైన యూదుఁడు, వాస్తుశిల్పి, హెర్మన్ కాలెన్‌బాక్ అనువాఁడు జోహాన్నెస్‌బర్గునకు 21 మైళ్ల దూరమున సుమారు 1100 ఎకరముల భూమిని గొని, 1910 మే 30వ తేదీన దానిని సత్యాగ్రహులకు శుల్కము లేక యుపయోగార్థ మొసఁగెను. లాలీ యను రైలుస్టేషను అచ్చటికి మైలు దూరము. ఇంచుమించు వేయి పండ్లచెట్లు, రెండు బావులు, ఒక యూట, కొండక్రింద ఆఱుగురు నివసింపఁదగిన చిన్న యిల్లు, ఇంతమాత్రమే యచ్చట నుండినది. వచ్చి చేరినవారు నలువదిమంది యువకులు, ఇద్దఱు ముగ్గురు వృద్ధులు, ఐదుగురు స్త్రీలు, ఇరువదినుండి ముప్పదిమంది దాఁక పిల్లలు. వీరు గుజరాతు, తమిళనాడు, ఆంధ్రదేశము, ఉత్తరహిందూస్థానములకుఁ జెందినవారని గ్రంథకర్త చెప్పినాఁడు. ఆంధ్రదేశము పేరు చదువరులు గుర్తుంచుకొనవలయును. మరల దానియొద్దకు వచ్చెదను.

మహాభాష్యమున మూఁడవ యధ్యాయపు మొదటి పాదమునందు, ప్రేరణార్థకమైన ణిచ్ప్రత్యయమును విచారించుచోట, పతంజలి యొక చిత్రమైన శంకను లేవనెత్తినాఁడు. ఒకఁడు ఏకాంతమున ఊరక కూర్చుండియుండును. వానిని జూపి లోకులు ‘ఇతఁడు ఐదు నాఁగళ్లతో దున్నుచున్నాఁ’డందురు. ‘దున్నించుచున్నాఁడు’ అనవలసినచోట ‘దున్నుచున్నాఁడు’ అనుట యెట్లు సాధువగును? దీనికి సమాధానము: కృషిధాతువునకు భూమిని జీల్చుట యొక్కటియే యర్థము గాదు, విత్తనములను, ఎద్దులను, పనివారి యన్నమును సమకూర్చుటయుఁ గృషియే, కావునఁ గూర్చుండినవాఁడును దున్నుచున్నవాఁడే. శబ్దసాధుత్వవిషయమున నీ సమాధానము నిర్దుష్టము. మన పల్లెలలోను భూస్వామి ‘ఈ యేఁడు పదియెకరములు దున్నితి’ననును, ఎవరును దప్పుపట్టరు. నాఁగలి పట్టిన పాలేరుమాత్రము ఆ మాట యట్లనుట నేనెన్నఁడును వినలేదు. వాఁడు ‘దొరగారి పొలము దున్నితి’నని షష్ఠిని జేర్చి చెప్పును. ఇరువురు దున్నినను ఫలమునకు స్వామి యొక్కఁడే యని యా షష్ఠీవిభక్తియే తెలుపుచున్నది.

కాలెన్‌బాక్ విషయమున నీ భాష్యవాక్యము తలఁపునకు వచ్చుట సహజము. భూమి యాతనిది, నగరమునఁ దన కార్యాలయమునఁ గూర్చుండి, పతంజలి యనుమతితో ‘నేను వ్యవసాయము చేయుచున్నా’నని చెప్పుకొనఁదగినవాఁడు. అట్లు గాక యాతఁడు క్షేత్రమునకు వచ్చి నివసించెను. తోఁటపని చేసెను, వడ్రంగము చేసెను. పైన్‌టౌను చెంత మేరియన్‌హిల్ అనుచోట ట్రాపిస్టు క్రైస్తవయతుల మఠమునకుఁ బోయి చెప్పులు కుట్టుట నేర్చుకొని వచ్చి గాంధికి నేర్పెను. గాంధి తక్కినవారికి నేర్పెను. గ్రంథమునందు నాకు మిక్కిలి సారవంతముగాఁ దోఁచిన భాగమిదియే. ఇందుఁ గ్రియాపదములన్నిటికిఁ గర్త కలఁడు, ఆ కర్తకుఁ బేరు కలదు, చేఁతులకుఁ బని కలదు. గృహనిర్మాణవిషయమునను గ్రంథకర్త దాఁచలేదు. రేకుల యిండ్లు సుమారు రెండుమాసములలో లేచినవి. తాపీపనికి ఐరోపీయుఁ డొకఁడు వచ్చెను. గుజరాతీ వడ్రంగి యొకఁడు కూలి గొనక పని చేసి, తక్కువ కూలికి మఱికొందఱు వడ్రంగులను గూర్చెను. నేర్పు వలదనిన మోఁతపని యంతయు నివాసులు తామే చేసికొనిరి. కూలి యిచ్చిన పని యింత, స్వహస్తములతోఁ జేసిన పని యింత యని వేఱుపఱచి చెప్పుట వలన గ్రంథముపై నమ్మకము పెరుగుచున్నది. అంతయు మేమే చేసితిమని వ్రాసియుండినచో నేను మఱింత జాగ్రత్తతోఁ జదివియుందును.

దినచర్యయు నిట్లే స్పష్టము. ఉదయము ఆఱుగంటలకు రొట్టెయు, గోధుమలను వేఁచి చేసిన కాఫీయు; పదునొకండు గంటలకు అన్నము, పప్పు, కూర; సాయంకాలము అయిదున్నరకు గోధుమజావయు పాలును, లేక రొట్టెయుఁ గాఫీయు. రాత్రి యేడు, ఏడున్నరలకుఁ బ్రార్థన, తొమ్మిదింటికి నిద్ర. గోధుమలు విసరుటకు ఇనుపతిరుగలి యొకటి కొనిరి. త్రాగునీటి యూట యిండ్లకు సుమారు 500 గజముల దూరము, కావళ్లతో మోసికొనవలసినదే. వంటశాల యొక్కటే. మాంసాహారమునకు నలవాటుపడిన ముసల్మానులును గ్రైస్తవులును గలరు గనుక, గ్రంథకర్త మొదట వారి సమ్మతిని గైకొని, పిమ్మటనే శాకాహారపు వంటశాలను స్థాపించినాఁడు. అందఱు నొక్క బంతిని గూర్చుండి భుజించిరి. పంక్తిశబ్దభవమైన యీ ‘బంతి’ మనవారి చరిత్రలో నెన్ని తగవులకుఁ గారణమైనదో చదువరు లెఱుఁగుదురు. ‘బంతిలో వలపక్షము’ అను నానుడి యూరక పుట్టలేదు. వేఱువేఱు మతముల, భాషల, కులముల వారు డెబ్బదిమందికిఁ బైగా నొక్క బంతిని గూర్చుండిన సంగతిని గ్రంథకర్త యొక్క చిన్న వాక్యమున ముగించినాఁడు. ఇంకను రెండు పుటలు వ్రాసియుండిన నెవరు విసువుకొనెడివారు?

భోజనానంతరమున నెవరి పళ్లెమును వారే కడుగుకొనవలయును. అందఱకు నుమ్మడియగు పెద్దపాత్రలను వేఱువేఱు జట్లు వంతులచొప్పునఁ గడుగవలయును. ఈ నియమము నెదుట నిలిచి వైయాకరణుఁ డొకింత యాలోచింపవలయును. పాణినీయమున క్రియాఫలము కర్తకే చెందునప్పు డాత్మనేపదము, పరునకుఁ జెందునప్పుడు పరస్మైపదము అను వ్యవస్థ యొకటి కలదు. తనకొఱకు యాగము చేయు యజమానుఁడు ‘యజతే’. అతనికొఱకుఁ జేయించు ఋత్విజుఁడు ‘యజతి’. తనకై వండుకొనువాఁడు ‘పచతే’. ఒరునికై వండువాఁడు ‘పచతి’. టాల్‌స్టాయి క్షేత్రమున నీ భేదమును గాళ్లతోఁ బాటించిరి. సంఘకార్యముపై నగరమునకుఁ బోవువాఁడు రైలులో మూఁడవతరగతిలోఁ బోవచ్చును. స్వకార్యముపైఁ బోవువాఁడు నడిచిపోవలయును, ఇంట చేసిన రొట్టెను వెంటఁ గొనిపోవలయును, నగరమునఁ దిండికొఱకుఁ గాసు వెచ్చింపరాదు. తెల్లవాఱుజామున రెండుగంటలకు లేచి, రెండున్నరకు బయలుదేఱి, ఆఱేడుగంటలు నడిచి 21 మైళ్ల దూరము చేరెడివారు. 4 గంటల 18 నిమిషములలోఁ బోయినవారును గలరఁట. పరస్మైపదమునకు రైలు, ఆత్మనేపదమునకు నడక! పరిహాసముగాఁ జెప్పినను, లోకములోఁ బలుచోట్ల నిది తలక్రిందుగా నుండుట యందఱు నెఱిఁగినదే.

తన పళ్లెమును గడుగుట యాత్మనేపదము. మఱి యుమ్మడిపాత్రను గడుగుట యేపదము? ఫలము కర్తకును జెందును, ఇతరులకును జెందును. సంస్కృతభాష యిట్టిదానికిఁ బ్రత్యేకపదమును గల్పింపలేదు. ఇచ్చట మన తెలుఁగుమాట యొకటి యక్కఱకు వచ్చును. ‘వంతు’ అనఁగా భాగము. ‘వంతు’ అనఁగాఁ బనిలోఁ దనకు వచ్చు వరుస. ‘నా వంతు నాకిమ్ము’ అన్నప్పుడు మొదటిది, ‘నేఁడు నీరు తోడుట నా వంతు’ అన్నప్పుడు రెండవది. తీసికొనుటకును జేయుటకును మనవా రొక్కమాటనే వాడుకొన్నారు. ఏటికాలువల నీటిని పొలములకుఁ బంచుకొను రైతులవలన నీ రెండర్థములు గలిసియుండునేమో. నిర్ణయించుట నిఘంటుకారుల పని. టాల్‌స్టాయి క్షేత్రపు వంటశాలలో నీ రెండర్థములును గలిసిపోయినవి. బంతిలో వంతు గలవాఁడే పాత్రలలోను వంతు గలవాఁడు.

ఇఁక దోషము చెప్పెదను. మలమూత్రముల శుభ్రతను వర్ణించుచోట గ్రంథమున వివరము సమృద్ధముగాఁ గలదు. మురుగునీరు చెట్లకు, కూరగాయల తుక్కు ఎరువునకు, ఇంటిచెంత ఒకటిన్నర యడుగు లోతుగల చదరపు గుంట, అందు మలమును వేసి, త్రవ్విన మన్నుతోనే పూర్తిగాఁ గప్పుటచే దుర్గంధముగాని యీఁగలుగాని లేకపోవుట. ఆంగ్లానువాదమున నీ ఘట్టము ప్రాయికముగాఁ గర్మణిప్రయోగముతోనే నడచినది. గుంట త్రవ్వఁబడినది, మలము కప్పఁబడినది. తరతరములుగా నీ పనికిఁ గర్త యెవఁడో పుట్టుకతోనే నిర్ణయింపఁబడిన దేశమునుండి వచ్చిన పాఠకునకు, గుంట లోతుకంటెఁ గర్త పేరు ముఖ్యము. గ్రంథకర్తకు దాఁచవలయునను తలంపు లేదనుటకు ఆత్మకథయే సాక్షి. అందు క్షేత్రమున సేవకులే లేరనియు, వంట మొదలుకొని పాకీపని వఱకు సర్వమును నివాసులచేతనే చేయఁబడెననియుఁ జెప్పినాఁడు. ఇది గొప్ప వాక్యము. అయిన నిదియుఁ గర్మణివాక్యమే. కర్త యుక్తుఁడు గాక తృతీయావిభక్తిలో నిలిచినాఁడు, అదియు బహువచనమున. ఐదుగురు స్త్రీలపైఁ బడిన పనియెంత, నలువదిమంది యువకులపైఁ బడిన పనియెంత యని యడుగువానికి ‘నివాసులచేత’ అను పదమున నుత్తరము లేదు.

దీనికిఁ బరిహారమువంటి వాక్య మొకటి యా ప్రకరణములలోనే కలదు. ఉపాధ్యాయులు తాము చేయని పనిని పిల్లలచేఁ జేయింపరాదనియు, ఏ పనికైన నొక యుపాధ్యాయుఁడు పిల్లలతోఁగూడఁ జేయుచుండవలయుననియు నియమము. పాణిని స్వతంత్రుని గర్త యనినాఁడు. ఆ కర్తను బ్రేరేపించువాఁడు హేతువు, వానికిని గర్తృసంజ్ఞ కలదు. ‘చేయు’, ‘చేయించు’ అను తెలుఁగు ధాతువుల నడుమ నున్నదియు నింతమాత్రమే. ప్రేరకుఁడే స్వయముగాఁ జేయువాఁడగుచో రెండు కర్తృత్వములు నొక్కనియందే కుదురును. పతంజలి చూపిన యా ఏకాంతవాసి లేచి నాఁగలి పట్టినట్లగును. బడిపిల్లలచేఁ దోఁటకు నీరు పోయించి, నీడను గుర్చీపైఁ గూర్చుండి ‘మా బడి తోఁట మేము పెంచితి’మని తనిఖీకి వచ్చినవారితోఁ జెప్పు నుపాధ్యాయుల నెఱిఁగినవారికి నీ నియమపు విలువ తెలియును. మఱియు, పిల్లలు పనిని దప్పించుకొనుటయుఁ గలదనియు, తాను గొన్నిసారులు చూచియుఁ జూడనట్లుండుటయు, తఱచుగాఁ గఠినముగా నుండుటయుఁ గలదనియు, ఆ కాఠిన్యము వారికి రుచించియుండదనియు గ్రంథకర్త యొప్పుకొనినాఁడు. నివాసుల యుత్సాహమును స్తుతించు వాక్యములకంటె నీ యొప్పుకోలు నాకెక్కువ ప్రమాణము.

అనువాదకులకుఁ జెప్పవలసిన ముఖ్యవిషయ మిఁక వచ్చుచున్నది. ఆంగ్లమునందు ఉత్తమపురుషబహువచనము ఒక్కటే. సంస్కృతమున ‘వయమ్’ కూడ నంతే. ఈ విషయమున గీర్వాణము మనకుఁ దోడ్పడదని సంస్కృతమునే నమ్ముకొన్న నేను జెప్పుటకు సంకోచింపను. తెలుఁగున వినువానిని గలుపుకొన్న ‘మనము’ వేఱు, వినువానిని విడిచిన ‘మేము’ వేఱు. తమిళమున నామ్, నాంగళ్ అనియు, గుజరాతీయందు ఆపణే, అమే యనియు నీ భేదమే కలదు. హిందీకి హమ్ ఒక్కటే. కావున నా క్షేత్రమునందలి గుజరాతీలు, తమిళులు, ఆంధ్రులు తమ తమ యిండ్ల భాషలలోఁ బనిని గుఱించి మాటాడుకొనునప్పుడు, ‘మేము మోసితిమి’ అనుటకును ‘మనము మోసితిమి’ అనుటకును భేదము పాటింపక తప్పదు. మొదటి దొక జట్టు మఱొక జట్టుతో ననుమాట; రెండవది యందఱు గలిసినప్పటి మాట. సంఘము సంఘమగుటయో కాకుండుటయో యీ రెండు సర్వనామముల నడుమనే తేలును. ఆంగ్లానువాదము నాధారముగాఁ గొని తెలుఁగు చేయువాఁడు ప్రతి వాక్యమునను దానే నిర్ణయింపవలసినవాఁ డగుచున్నాఁడు. సర్వనామమును లోపింపఁజేసి ‘మోసితిమి’ అని తప్పించుకొనవచ్చును, క్రియాప్రత్యయము రెంటికి నొకటే గనుక. అట్టి లోపము వ్యాకరణసమ్మతమే కాని గ్రంథన్యాయమునకు సమ్మతము గాదు. పాఠకునకుఁ గథ చెప్పునప్పుడు ‘మేము’. నివాసులలో నొకఁడు మఱొకనితోఁ బలికిన భావము వచ్చునప్పుడు ‘మనము’. సందేహము గలిగిన చోట్ల మూలమైన గుజరాతీని జూడవలయును.

ఆంధ్రదేశము పేరు మఱవవలదని చెప్పితిని. నివాసుల దేశములను లెక్కించుచోట ఆంధ్రము గలదు. ఆత్మకథయందు బడిలో నేర్పిన భాషలను జెప్పుచోట హిందీ, తమిళము, గుజరాతీ, ఉర్దూ గలవు, ఇంగ్లీషు గలదు, గుజరాతీ హిందూబాలురకుఁ గొంచెము సంస్కృతము గలదు, తెలుఁగు లేదు. పిల్లలకు వారి వారి భాషలలోనే బోధన జరిగెనని చెప్పిన గ్రంథమునందే యీ లోపము. అచ్చటి యాంధ్రులు పిల్లలు లేని యువకులే యయియుండవచ్చును; తమిళముతోఁ గాలము గడపుకొన్నవారయియుండవచ్చును. తమిళమును గాంధి పోపుదొరగారి తమిళపాఠపుస్తకముతోఁ జదువుకొని, తనకు వచ్చినంత నేర్పినట్లు స్వయముగాఁ జెప్పుచున్నాఁడు. తెలుఁగువాని మాటకు బడిలో వంతు లేకపోయినను బంతిలోఁ బాత్రలు కడుగు వంతు తప్పియుండదు. ఆరోపణమున కిది చాలదు. కాని యుమ్మడిజీవనమును వర్ణించు గ్రంథములలో భాషయు నొక యుమ్మడిపాత్రయే యని విమర్శకుఁడు గమనింపవలయును.

ఇట్టి నివాసములకు ‘ఆశ్రమము’ అను పేరు తగదనియు, ఆశ్రమము తపస్వులకే గాని చెప్పులు కుట్టువారికిఁ గాదనియుఁ గొందఱు పండితులు ఆక్షేపించుట విన్నాను. ఈ క్షేత్రమునకు గ్రంథకర్త యా పేరు పెట్టనేలేదు. 1904లో స్థాపించిన ఫీనిక్సునకును బెట్టలేదు. 1915లో అహమ్మదాబాదు చెంత కోచరబునఁ బెట్టిన నివాసమునకే మొదట ‘సత్యాగ్రహాశ్రమ’ మను పేరు వచ్చెను. మన పినాకినీతీరమునఁ బల్లిపాడులో నాటాలునందలి పారసీ రుస్తుంజీగారి ద్రవ్యసాహాయ్యముతో నేర్పడి, 1921 ఏప్రిలు 7వ తేదీన గాంధిచేఁ బ్రారంభింపఁబడినదియు నా పేరు గలదే. ఆక్షేపణకు శబ్దశాస్త్రమే సమాధానము చెప్పును. ఆఙ్పూర్వకమైన శ్రమధాతువుపై అధికరణార్థమున ఘఞ్ప్రత్యయము రాఁగా, మాంతధాతువు గావున వృద్ధి నిషిద్ధమై, ‘ఆశ్రామము’ గాక ‘ఆశ్రమము’ అయినది. ఎచ్చట శ్రమింతురో యది యాశ్రమము. ధాతుపాఠము శ్రమకుఁ దపస్సు, ఖేదము అని రెండర్థములు చెప్పినది. తెలుఁగున మనము రెండవదానినే నిలుపుకొని, ‘మీకు శ్రమ యిచ్చితి’మని మన్నింపు గోరుచుందుము. 1930లో యెరవాడనుండి వ్రాసిన లేఖలలో గాంధి వివరించిన ‘శరీరశ్రమ’ యను వ్రతపదమును షష్ఠీసమాసముగాఁ గొనినచో శరీరముయొక్క బడలిక యగును; అది వ్రతము గాఁజాలదు. కరణతృతీయ కృదంతముతో సమసించుటకు శాస్త్రానుమతి గలదు గావున, ‘శరీరముచేత శ్రమము’ అని తృతీయాతత్పురుషముగాఁ గొని, శ్రమమునకుఁ దపస్సను ధాత్వర్థమును గ్రహించినచో నర్థము పొసఁగును. ఆక్షేపించువారు ధాతుపాఠమును మరల నొకసారి చూతురుగాక.

తెలుఁగు చేయఁబూనువారికి నొక చిన్న స్థలమును జూపి విరమించెదను. ఉమ్మడిపాత్రలను వేఱువేఱు జట్లు వంతులచొప్పునఁ గడుగు వాక్యమున ఆంగ్లము ప్రథమపురుషమును జూపుచున్నది. దాని ననుసరించి ‘కడుగుచుండెడివారు’ అని వ్రాసినచోఁ గథకుఁడు బంతినుండి లేచి దూరముగాఁ బోయి నిలిచినట్లగును. తాము చేయనిది చేయింపరాదను నియమమును, పాకీపని వఱకు నివాసులే చేసిరను మాటను బట్టి చూడఁగా, కథకుఁ డా జట్లలో నొకదానిలోనివాఁడే. కావున నచ్చట ‘మేము వంతులచొప్పునఁ గడుగుచుండెడివారము’ అని యుండవలయును.